ఎప్పుడు ఆన్ చేసినా అర్ధరాత్రే

మా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. దానికి ఎప్పుడూ అర్ధరాత్రే. పొద్దున్న ఆన్ చేసినా, మిట్టమధ్యాహ్నం ఆన్ చేసినా తెర మీద గడియారం రాత్రి పన్నెండు నుంచే మొదలుపెడుతుంది. లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంటుందట, అది ఎప్పుడో చచ్చిపోయిందట. మార్చాలని అందరూ అన్నారు, ఎవరూ మార్చలేదు. మా ఇంట్లో పనులన్నీ ఇంతే. స్నానాల గది గొళ్ళెం ఊడి ఏళ్ళయింది. లోపలున్నవాళ్ళు ఏదో ఒక పాట పాడుతూ ఉండాలి.

మేము కర్మన్‌ఘాట్‌లో కిరాయికుంటాం. మా ఆయన మహిపాల్ స్కూలు బస్సు నడుపుతాడు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మామ పోయాక మా అత్త పెంటమ్మ నల్లగొండ పల్లె వదిలి మా దగ్గరికొచ్చేసింది. మాకు ఒక్కతే కూతురు, సౌజన్య. డిగ్రీ అయిపోయి సర్కారు ఉద్యోగం కోసం గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. ఒకసారి రాసింది, రాలేదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తడం లేదు.

ఆ కంప్యూటర్ పిల్ల ఇంటర్‌లో ఉన్నప్పుడు కొన్నది. ఈ మధ్య అది తెరుచుకునేలోపు కుక్కర్‌లో పప్పు ఉడికి దిగేది. ఒకరోజు అసలు లేవనే లేదు. పారేసి కొత్తది కొందామన్నాను. పాడైన వస్తువును పారేసే బుద్ధి నాది, అతుకులేసే బుద్ధి మా ఆయనది. చిత్రమేమంటే పొద్దస్తమానం అతుకులేసి బతికేది నేను. ఆ రోజు కూడా ఆయన మాటే నెగ్గింది. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో మహేందర్ అని ఒకాయన కంప్యూటర్లు బాగుచేస్తాడంటే, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బండి మీద మోసుకుపోయాం.

"డిస్క్ పోయిందక్కా," అన్నాడు మహేందర్, మూత తీసి రెండు నిమిషాలు చూసి. "పరేషాన్ గాకుండ్రి. వేరే కంప్యూటర్ల నుంచి తీసిన డిస్క్ ఒకటున్నది. అండ్ల విండోస్ గూడ ఎక్కిచ్చే ఉన్నది. గిప్పుడే పెట్టిస్త, ఇంకో ఐదేండ్లు గీ డబ్బాకు ఢోకా లేదు."

పాత డిస్క్ పెట్టేముందు అందులో మిగిలినవన్నీ తుడిచెయ్యాలని నాకేం తెలుసు? పక్కింటి నుంచి తెచ్చిన గిన్నె అయినా కడగకుండా పొయ్యి మీద పెట్టం. మహేందర్ కడగలేదు. విండోస్ ఉంది కదా, మళ్ళీ ఎక్కించడమెందుకని బద్ధకించాడు. ఆ బద్ధకం వల్ల ఒక మనిషి మా ఇంటికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం సౌజన్య ఏదో చూసుకుని, కంప్యూటర్ అలాగే వదిలేసి లైబ్రరీకి పోయింది. అత్తమ్మ గుడికి పోయింది. సందెవేళ నేను దేవుడి ముందు దీపం పెట్టి అగరుబత్తి అంటిస్తున్నాను. వెనక గదిలోంచి ఎవరో ఆడపిల్ల, గొంతు బయటికి రానీయకుండా, ఊపిరితో మాట్లాడింది.

"విజయశ్రీ... లే. నాలుగైంది. లేవే. అందరు చదువుతున్నరు. నువ్వొక్కదానివే పండుకున్నవు."

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ అదే మాట.

నేను పిరికిదాన్ని కాను. బల్లి కనబడితే మా ఆయన మంచమెక్కుతాడు, చీపురు పట్టేది నేను. కానీ ఆ గొంతు వినగానే అగరుబత్తి కింద పడేశాను. తల్లి పిల్లను లేపుతున్నట్టు లేదది. తనను తానే లేపుకుంటున్నట్టుంది. అంత దయ లేకుండా ఎవరూ ఇంకొకరిని లేపరు. మా ఆయన వచ్చేదాకా నేను ఇంటి బయట మెట్ల మీదే కూర్చున్నాను, దీపం దారిన దీపాన్ని వదిలేసి.

సౌజన్య వచ్చి నవ్వింది. ఆ డిస్క్ ఇంతకుముందు ఎవరిదో అని, ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేవడానికి తన గొంతుతోనే అలారం పెట్టుకుందని, మన గడియారానికి ఎప్పుడూ అర్ధరాత్రే కాబట్టి ఆన్ చేసిన నాలుగు గంటలకు అది మోగుతుందని విడమర్చి చెప్పింది. అంతా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన భయం పోతుందని ఎవరన్నారు?

అలారం ఒక్కటే కాదు. ఆ డిస్క్ నిండా ఆ అమ్మాయి రికార్డు చేసుకున్న పాఠాలున్నాయి. రాజ్యాంగం, చరిత్ర, భూగోళం, ఆర్థికం, అన్నీ గుసగుసగానే. పక్క మంచాల మీద అమ్మాయిలు నిద్రపోతుంటే వాళ్ళకు మెలకువ రాకుండా చెప్పుకుందన్నమాట. వెనకాల ఫ్యాను టకటక కొట్టుకుంటూ ఉంటుంది. ఎవరో అటు నుంచి ఇటు ఒత్తిగిలిన చప్పుడు వస్తే ఆ గొంతు ఆగిపోతుంది. కొంచెం సేపటికి ఇంకా సన్నగా మొదలవుతుంది.

"ఎంత మంచిగ చెప్పిందో ఈ అక్క! కోచింగ్‌లో గూడ గింత బాగ చెప్పరు మమ్మీ," అంది సౌజన్య, ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుంటూ.

మొదట్లో నాకూ బాగానే అనిపించింది. ఫీజు లేని పంతులమ్మ దొరికింది కదా అనుకున్నాను. గుడ్డ చిరగనంతకాలం సూది మంచిదే.

మెల్లగా మా పిల్ల మారింది. ఆమె కూడా నాలుగింటికే లేవడం మొదలుపెట్టింది. అన్నం కంచం ముందు పెట్టుకుని పెదాలు కదుపుతూ ఉండేది. ఇంటికి ఎవరైనా వస్తే లోపలికి పోయి తలుపేసుకునేది. బతుకమ్మ చీరకు జాకెట్ కుడతాను కొలతలు ఇవ్వమంటే, "ఈసారి నేను బతుకమ్మ ఆడ, మమ్మీ," అంది. అప్పుడే ఎల్‌బీ నగర్‌లో కొత్తగా పెట్టిన కంటి దవాఖానలో కౌంటర్ దగ్గర కొలువుందని మా ఆయనకు తెలిసినవాళ్ళు చెప్పారు. పోయి మాట్లాడి వచ్చింది. వాళ్ళకు నచ్చింది కూడా, దసరా అయ్యాక చేరమన్నారు. ఇంటికొచ్చి మళ్ళీ ఆ ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుంది. చేరతావా అంటే, చూద్దామంది.

ఒకరోజు గిన్నెలు తోముతూ తనలో తను చదువుకుంటోంది. నేను పక్కన బియ్యం ఏరుతున్నాను.

"సాలార్‌జంగ్ దివాన్ అయింది పద్దెనిమిది వందల యాభై ఆరు. కాదు కాదు. యాభై మూడు." అని చిన్నగా దగ్గింది.

తప్పు చెప్పి దిద్దుకుందనుకున్నాను. పళ్ళెం కడిగి పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. "సాలార్‌జంగ్ దివాన్ అయింది పద్దెనిమిది వందల యాభై ఆరు. కాదు కాదు. యాభై మూడు." మళ్ళీ అక్కడే, అదే దగ్గు.

చేతిలో చాట పక్కన పెట్టి గదిలోకి పోయాను. ఎక్కడ నొక్కాలో పిల్ల చూపించగా నేర్చుకున్నాను కాబట్టి చరిత్ర పాఠం పెట్టి విన్నాను. ఆ అమ్మాయి ఎప్పుడో ఏ తెల్లవారుజామునో నోరు జారి యాభై ఆరు అంది. కాదు కాదు అని దిద్దుకుంది. ఆమెకు అప్పుడు జలుబు చేసినట్టుంది, దగ్గింది. నా కూతురు పాఠంతో పాటు ఆ తప్పును, ఆ దగ్గును కూడా బట్టీ పట్టింది. పట్టినట్టు ఆమెకు తెలియదు. నా పిల్ల నోట్లో ఎవరో ఉన్నారనిపించింది నాకు.

ఆ రోజే చివరి రికార్డింగు దాకా విన్నాను. అందులో పాఠం లేదు.

"ఈసారి గూడ రాలే అమ్మా. ఇగ చాలు. ఇగ నేను ఉండ," అంది ఆ గొంతు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత మాట లేదు. రికార్డింగు ఆగలేదు. ఫ్యాను టకటక కొట్టుకుంటూనే ఉంది. ఎవరైనా వస్తారేమో, ఎవరైనా పిలుస్తారేమో అని నేను వింటూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే, ఎంతసేపటికీ.

గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. ఆమెకు చూపు మందగించింది కానీ చెవులు పాము చెవులు.

"అది ఒచ్చిన కాడికెల్లి చెప్తనే ఉన్న. గది బతికున్న మనిషి గొంతు గాదు," అంది. "పాపం, కన్నోళ్ళు ఏమన్న పెట్టిండ్రో లేదో. ఆకలికి తిరుగుతున్నది."

ఇంకో వారానికి పెత్రమాస వచ్చింది. పితరుల పేరు చెప్పి అయ్యగారికి బియ్యమూ కూరగాయలూ ఇచ్చే అమావాస్య అది. ప్రతి ఏడూ మామ పేరు మీద, వాళ్ళ అమ్మానాన్నల పేరు మీద ఇస్తాం. ఈసారి అత్త ఇంకో విస్తరి పరిచింది. గుడి దగ్గర అరుగు మీద కూర్చున్న అయ్యగారు, "ఇది ఎవరి పేరు మీద?" అని అడిగాడు.

"విజయశ్రీ," అంది అత్త.

"మీకేమైతది?"

"మా ఇంట్లనే ఉంటది," అంది. అయ్యగారు ఇంకేమీ అడగకుండా నీళ్ళు వదిలించాడు. నేను అడ్డు చెప్పలేదు. ఆ విస్తట్లో కూరగాయలు ఏరి పెట్టింది కూడా నేనే.

ఆ సాయంత్రం అలారం మళ్ళీ మోగింది. బియ్యం ఇస్తే అలారం ఎందుకాగుతుంది, అది యంత్రం కదా. తెలిసి కూడా అత్తా, మా ఆయనా, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

రెండు రోజులాగి నేను తేల్చేశాను. "ఈ కంప్యూటర్ ఇంట్లో ఉండొద్దు. కొత్తది కొందాం. లేకుంటే కొత్త డిస్క్ వేయిద్దాం. గీ గొంతు మాత్రం పోవాలె."

"ఒద్దు," అంది సౌజన్య. "నాకు గిదే కావాలె. మంచిగ నడుస్తున్నది గదా."

"చచ్చిపోయిన పిల్ల మాటలే అవి! ఆఖరిది విన్నవా నువ్వు?"

"విన్న. అక్క చచ్చిపోలే. గింత చదివినామె ఎట్ల చచ్చిపోతది? కొలువు వచ్చే ఉంటది. ఏ ఆఫీసుల ఉందో."

"వస్తే గీ డబ్బా అమ్ముకునేదా?"

"వచ్చింది గాబట్టే అమ్ముకుంది."

ఇద్దరమూ ఒకే డిస్క్ విన్నాం. నాకు చావు వినబడింది, దానికి ఉద్యోగం వినబడింది. కోపంలో నా నోరు ఊరుకోదు. "సరే, నేను పోయి కనుక్కొస్త. ఆమె బతికుంటే గీ కంప్యూటర్ జోలికి నేను రాను, నీ చదువు జోలికి రాను. లేకుంటే మాత్రం కొత్తది తెస్త, నువ్వు కంటి దవాఖానల చేరాలె. కర్మన్‌ఘాట్ హనుమంతుని మీద ఒట్టు," అన్నాను.

"ఒట్టు," అంది నా కూతురు. ఎంత ధైర్యంగా అందో. నాకు మాత్రం బయల్దేరేముందు సిగ్గేసింది. ఎక్కడో ఒక ఆడపిల్ల చచ్చిపోయి ఉంటే బాగుండునని మనసులో ఒక మూల కోరుకుంటున్నాను. కన్నతల్లినయ్యి ఉండి.

మహేందర్ తల గోక్కుని జ్ఞాపకం తెచ్చుకున్నాడు. "మూసారాంబాగ్‌ల ఒక లేడీస్ హాస్టలున్నదక్కా, ఇంద్రాణి మేడంది. అక్కడికెల్లి తెచ్చిన ఆ కంప్యూటర్. చానా దినాలైంది. ఏమైంది, నడుస్తలేదా?"

"బాగా నడుస్తున్నది. గదే బాధ," అన్నాను.

హాస్టల్ మెట్రో స్టేషన్‌కు దగ్గరే, ఒక టిఫిన్ సెంటర్ పక్క సందులో. ఇంద్రాణిగారు భీమవరం వైపు మనిషి, వరండాలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. విజయశ్రీ అనే అమ్మాయి ఇక్కడ ఉండేదా అని అడిగాను.

"ఉండేదేంటండీ, పైనుంది కదా," అందావిడ, తల ఎత్తకుండానే. "ఎక్కడికెళ్తుంది! మా హాస్టల్‌కి అందరికంటే సీనియరు. కొత్తగా వచ్చిన పిల్లలైతే ఆవిడే వార్డెనేమో అనుకుంటారు. మానేస్తానని ఒకసారి కంప్యూటర్ కూడా అమ్మేసి ఊరెళ్ళిపోయిందండీ. నోటిఫికేషన్ పడిందో లేదో మళ్ళీ వచ్చేసింది. అదే గది, అదే మంచం. మీరు వాళ్ళ చుట్టాలా?"

చుట్టాలమేనన్నాను. నిజానికి ఆ క్షణం ఆ అమ్మాయి నాకు సొంత చెల్లెలే అనిపించింది. బతికుంది! నాకు తెలియకుండానే చేతులు జోడించాను. మా అత్త పెట్టిన విస్తరి గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. పోతే పోనీ కంప్యూటర్, పోతే పోనీ పందెం, ఒక తల్లికి కడుపుకోత తప్పింది కదా అనుకుంటూ మెట్లెక్కాను.

పై అంతస్తుకు వచ్చేసరికి ఆ గొంతు వినబడింది.

నడవాలో నిలబడిపోయాను. సందెవేళ దీపం ముందు విన్న గొంతే. అదే ఊపిరి. తలుపు తెరిచే ఉంది. నాలుగు మంచాల గది. మిగతా అమ్మాయిలంతా కోచింగ్‌కు పోయినట్టున్నారు, మూడు మంచాలూ ఖాళీ. కిటికీ పక్క మంచం మీద ఒకామె గోడవైపు తిరిగి కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుకుంటోంది. పాపిట దగ్గర జుట్టు తెల్లబడింది. పట్టపగలు, గదిలో నిద్రపోయేవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా గుసగుసగానే చదువుతోంది.

"విజయశ్రీ," అన్నాను.

ఉలిక్కిపడి లేచింది. ఎవరికో అడ్డొచ్చినట్టు మంచం మీద పుస్తకాలు ఒక పక్కకు జరిపి నన్ను కూర్చోమంది. "గట్టిగ మాట్లాడలేనక్కా, ఏమనుకోకుండ్రి. అలవాటు పోయింది. గొంతు వస్తలేదు," అంది. ముప్పై ఎనిమిదో, నలభయ్యో. నాకంటే కొంచెమే చిన్న. మా పిల్ల ఆమెను అక్క అంటోంది. ఆ రికార్డింగుల్లో ఆమె వయసు పెరగలేదు మరి.

డిస్క్ సంగతి చెప్పాను. ఆమె మొహం వెలిగింది. "ఇంకా ఉన్నయా అవి! సాలార్‌జంగ్ కాడ తప్పు చెప్పిన, మీ పాపకు చెప్పుండ్రి."

"చెప్పి దిద్దుకున్నవు కదమ్మా."

"దిద్దుకున్ననా? మంచిగైంది." నిజంగానే ఊపిరి పీల్చుకుంది. ఇన్నేళ్ళూ ఆ తప్పు ఆమెను గుచ్చుతూనే ఉందన్నమాట.

చివరి రికార్డింగు గురించి అడగకుండా ఉండలేకపోయాను. "ఇగ నేను ఉండ అన్నవు. తర్వాత చప్పుడు లేదు. ఆ రోజు ఏమైంది?"

"ఏం గాలే అక్కా. ఇగ హైదరాబాద్‌ల ఉండ, ఇంటికి పోత అనుకున్న. కుర్చీ జరిపి మంచమెక్కిన, అది బంద్ చేసుడు మర్చిపోయిన. గంత నిద్ర నాకు మళ్ళ ఎన్నడు రాలే." కిటికీలోంచి మెట్రో పోతున్న చప్పుడు వచ్చింది. అది దాటిపోయేదాకా ఆగింది. "పొద్దున లేచి కంప్యూటర్ అమ్మేసి ఊరికి పోయిన. పోయినంక నోటిఫికేషన్ పడ్డది."

ఎలా జారిందో తెలియదు, పెత్రమాస మాట నా నోట్లోంచి జారిపోయింది. మా అత్త నువ్వు పోయావనుకుంది, ముసలామె, నీ పేరు మీద బియ్యం ఇచ్చింది, తప్పయింది క్షమించమ్మా అన్నాను. ఎవరైనా చెప్పు తీసుకుని కొట్టాల్సిన మాట అది. ఆమె చేతిలో పుస్తకం మూసింది.

"ఏమేం కూరలు పెట్టిండ్రక్కా?"

"సొరకాయ, బెండకాయ, చిక్కుడుకాయ. ఇంత పప్పు, బెల్లం."

"చిక్కుడుకాయ నాకు పానం," అంది. కళ్ళు నిండాయి. "మా తమ్ముని పెండ్లికి నన్ను పిలువలే. చెల్లె సీమంతానికి పిలువలే. కోపం గాదు అక్కా, చదువుకుంటున్నది గదా, దాన్ని ఆగం చెయ్యొద్దని. బోనాలకు గూడ ఫోన్ చెయ్యరు. మీ అత్తమ్మ నన్ను చూడకుండనే ఇంత తీసి పక్కకు పెట్టింది."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఎముకలే తగిలాయి. "ఇంకా ఎన్నేండ్లు చదువుతవమ్మా? ఇంటికి పో. ఇంకేదన్న చేసుకో," అన్నాను. నా చెల్లెలికైతే ఏం చెబుతానో అదే చెప్పాను.

ఆమె నన్ను ఓదార్చింది. "ఇంక టైమున్నదక్కా. సర్కారోళ్ళు వయసు లిమిట్ పెంచిండ్రు గదా. ఈసారి పక్కా," అంది. నేను లేవకముందే ఆమె వేలు పుస్తకంలో ఆగిన చోటు వెతుక్కుంటోంది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆ గొంతు మళ్ళీ మొదలైంది.

మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగేదాకా ఒకటే ఆలోచన. పోయిందని చెబితే అయిపోతుంది. సౌజన్య ఏడుస్తుంది, నాలుగు రోజులు అన్నం తినదు, తర్వాత మాట నిలబెట్టుకుని కొలువులో చేరుతుంది. మా అత్త నేనప్పుడే చెప్పిన అంటుంది. అడిగేవాళ్ళు లేరు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ అబద్ధం. కానీ ఒకసారి బతికున్న మనిషికి నీళ్ళు వదిలినవాళ్ళం. మళ్ళీ నా నోటితో చంపడానికి మనసొప్పలేదు.

అదొక్కటే కారణమని చెబితే అదీ అబద్ధమే. నిజమే ఎక్కువ పనిచేస్తుందని లెక్క వేశాను. చావు మాట వింటే పిల్లకు జాలి కలుగుతుంది, అంతే. ఆ గది, ఆ ఖాళీ మంచాలు, ఆ తెల్లబడిన పాపిట, పోయిన గొంతు, పిలుపు రాని పెండ్లి, ఇవన్నీ చెబితే భయం కలుగుతుంది. నాకు కలిగింది కదా. ఆ మెట్లు దిగుతుంటే నా కూతుర్నే ఆ మంచం మీద వదిలేసి వస్తున్నట్టనిపించింది. భయమే దాన్ని ఇంటికి తెస్తుంది అనుకున్నాను. ఎల్‌బీ నగర్ నుంచి షేర్ ఆటోలో కూర్చుని ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలో కూడా సర్దుకున్నాను.

ఇంట్లో అడుగుపెట్టేసరికి తండ్రీకూతుళ్ళు నాకోసం ఎదురుచూస్తున్నారు. అత్త మంచం మీద లేచి కూర్చుంది. చెప్పులు విప్పకుండానే చెప్పేశాను.

"బతికే ఉన్నది. కొలువు రాలే. గదే హాస్టల్ల, గదే మంచం మీద ఇంకా చదువుతనే ఉన్నదే సౌజన్యా. తల నెరిసింది. గొంతు పోయింది, గట్టిగ మాట్లాడరాదు. సొంత తమ్ముని పెండ్లికి పిలువలేదంట. ఇంకా టైమున్నదని నవ్వుతది." ఏదీ దాచలేదు. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మహిపాల్ నేల చూపులు చూస్తున్నాడు.

సౌజన్య కళ్ళలోంచి నీళ్ళు జారాయి. తగిలింది, తగిలింది అనుకున్నాను. నా తల్లి తిరిగొచ్చేస్తోంది అనుకుని చేతులు చాచాను. వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది.

"ఇంకా చదువుతున్నదా మమ్మీ?" అంది నా భుజం మీద. "గిన్నేండ్లయినా విడిచిపెట్టలేదా అక్క? నేను ఒక్కసారి రాకుంటేనే అయిపోయింది అనుకున్న. దవాఖానల చేరుదామని గూడ అనుకున్న, నీకు చెప్పలే. నాకు సిగ్గయితున్నది మమ్మీ."

నా చేతులు ఆమె వీపు మీద ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చేరుదామనుకుందట. నేను ఆ గడప దాటి వెతకడానికి పోకపోతే చేరేదట.

కళ్ళు తుడుచుకుని నన్ను వదిలింది. మొహం కడిగిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. ఎన్ని నెలల తర్వాత చూశానో ఆ నవ్వు. "నువ్వు చెప్పిందే కరెక్టు. గీ కంప్యూటర్ సరిపోదు," అంది. "డిస్క్ నిండిపోయింది. అక్క కొత్త సిలబస్‌వి గూడ రికార్డు చేసే ఉంటది. ఎక్కించుకోవాలంటే పెద్దది కావాలె. కొత్తది కొందాం. రేపు నన్ను అక్క దగ్గరికి తీసుకపో మమ్మీ."

కొత్తది కొందామని ఈ ఇంట్లో నోరు నొప్పెట్టేలా పోరింది నేను. ఒట్టు పెట్టింది నేను. నిజం మోసుకొచ్చింది నేను. బతికున్న మనిషిని నా నోటితో చంపలేకపోయాను, అందుకు నా బిడ్డను ఇచ్చుకున్నాను. "రేపు పోదాం మరి?" అని అడుగుతోంది సౌజన్య. పోదామన్నాను.